రెండిళ్ల జవాబులు

బుధవారం, రాత్రి

సాయంత్రం ఆడబిడ్డ శిరీష, మన స్వభావం చెప్పే పరీక్ష అంటూ ఫోన్ పట్టుకుని కూర్చుంది.

"నలుగురిలో గట్టిగా మాట్లాడతావా వదినా?"

"యాడ? ఈడనా, ఆలూరులో మాయమ్మోళ్లింట్లోనా?"

"అట్ల అడగదు వదినా ఇది! ఏదో ఒకటి చెప్పు."

రెండిళ్లకూ వేర్వేరుగా జవాబులు చెప్పి, ఆ పరీక్ష రెండుసార్లు చేయించాను. ఈ ఇంటి జవాబులకు 'బిడియస్తురాలు, సర్దుకుపోతుంది' అని వచ్చింది. పుట్టింటి జవాబులకు 'ధైర్యవంతురాలు, నలుగురినీ నడిపిస్తుంది' అని వచ్చింది.

"ఈమెవరు వదినా? నాకు తెల్దే!" అని శిరీష పడీపడీ నవ్వింది.

పక్కనే ఉన్న మా ఆయన నవ్వలేదు. "పెండ్లయి మూడేండ్లాయ. ఆయమ్మిని ఈడికెందుకు పిల్చుకొని రాలేదు?" అన్నారు.

ఈ ఇంట్లో గట్టిగా మాట్లాడొద్దని నాతో ఎవరన్నారో, ఎంత ఆలోచించినా ఒక్కరూ గుర్తు రావడం లేదు...