దగ్గు బిగబట్టి తెచ్చుకున్న కార్డు

పాల్వంచ,
12-8-1993.

చిరంజీవి సౌభాగ్యవతి భారతికి అమ్మ దీవెనలు.

నేను బాగానే ఉన్నాను. మీ నాన్న సంగతి కింద రాస్తాను, కంగారు పడకుండా చదువు. పాపకు పళ్ళు వస్తున్నాయని రాశావు, సంతోషం. విరేచనాలైతే గంజి పలచగా పట్టు. ఇక్కడ వానలకు వాగులు పొంగి చర్ల బస్సులు ఆగిపోయాయి.

నాన్నకు సర్కారు ఆరోగ్య బీమా కార్డు వచ్చిందా అని అడిగావు. వచ్చింది. ఎట్లా వచ్చిందో తలచుకుంటేనే నాకు రోత పుడుతోంది.

రిటైరైనప్పుడే చేరమంటే, "అది మంచం పట్టిన ముసలోళ్లకు" అని నవ్వి వదిలేశారు కదా. ఈ వేసవిలో దగ్గు తగ్గకపోయేసరికి బీమా ఆఫీసుకు వెళ్ళాం. గుమాస్తా పాన్ నములుతూ, తల కూడా ఎత్తలేదు.

"ఆలస్యంగ చేరేటోళ్లకు ఏ రోగం లేదని డాక్టర్ రాయాలె. పాత రోగముంటే కార్డు రాదు."

"రోగం లేనోళ్లకు కార్డెందుకయ్యా?" అన్నాను.

"రూల్ గట్లనే ఉన్నదమ్మా," అని కిటికీలోంచి పాన్ ఉమ్మేశాడు.

మన పక్కింటి పిచ్చయ్య గారు ఒక డాక్టరుతో ముందే మాట్లాడి పెట్టారు. "ఆయన ముందల మాత్రం దగ్గకు అప్పయ్యా, మిగతాది నేను చూస్కుంట," అన్నారు. మీ నాన్న ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డాక్టరు గొట్టం పెట్టి విన్నాడు. ఆ ఛాతీలో గరగర పక్కన నిలబడ్డ నాకే వినబడుతోంది, ఆయనకు వినబడలేదా? నా వంక ఒకసారి చూసి, సంపూర్ణ ఆరోగ్యవంతుడని రాసి సంతకం పెట్టాడు. బయటికి రాగానే మీ నాన్న మెట్ల మీద కూలబడి, ఊపిరాడకుండా దగ్గి, ఆ దగ్గులోనే నవ్వారు. "చూసినవా రత్నం, పనైపోయింది!" ఆ నవ్వు చూడలేక మొహం తిప్పుకున్నాను.

ఆ రోజు నుంచి ఏ డాక్టరు గడపా తొక్కలేదు. "దవాఖానకు పోతే పాత రోగమని తెలుస్తది, కార్డు కొట్టేస్తరు. ఏడాది దాటితే ఎవ్వరూ అడగరు, అందాక ఓపిక పట్టు," అంటారు. మిరియాల కషాయంతో నెట్టుకొచ్చారు.

నీకు రాయకుండా దాచింది ఇప్పుడు రాస్తున్నాను. సోమవారం తెల్లవారుజామున పెరట్లో ఆయన నేల కడుగుతుంటే చూశాను. ఉమ్మిలో నెత్తురు పడుతోంది. ఎప్పటి నుంచని అడిగితే చెంబు పట్టుకుని లోపలికి పోబోయారు. చెయ్యి పట్టుకుని భద్రాచలం బస్సెక్కించాను. అక్కడి పెద్దాసుపత్రిలో దగ్గు ఎప్పుడు మొదలైందో, కార్డు కోసం ఏం చేశామో అంతా చెప్పేశాను. మీ నాన్న నన్ను పరాయిదాన్ని చూసినట్టు చూశారు.

క్షయ అన్నారు. ముందే వస్తే ఇంత ముదిరేది కాదట. మందు మాత్రం దీనికి సర్కారే ఉచితంగా ఇస్తుందట.

"మరి కార్డు?" అన్నారు మీ నాన్న.

"దీనికి ఏ కార్డూ అక్కర్లేదు పెద్దాయనా," అంది నర్సు.

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఇంటికి వచ్చినా ఇప్పటిదాకా నాతో మాట్లాడలేదు. మందు మాత్రం మింగుతున్నారు.

నువ్వు వచ్చి వెళ్ళు. పాపను మాత్రం మీ అత్తగారి దగ్గరే ఉంచి రా.

ఇట్లు,
మీ అమ్మ
సుబ్బరత్నం