నీ వదులు అల్లిక

తమ్మీ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. బొమ్మల కాలేజీ మేడం నీతోని నులకతాడుతోటి అల్లిచ్చిన నిలువెత్తు బొమ్మను ఎగ్జిబిషన్ల వేలాడదీసిన్రంటే, పురానాపూల్ నుంచి నడుసుకుంట పోయి చూసిన. మనిషి గాదు, చెట్టు గాదు, ఏందో తెల్వదు. నడుమల మాత్రం పాత మంచం లెక్క జారిపోయి ఉన్నది. మంచాలు అల్లేటోని చెయ్యి ఊకుంటదా? రెండు వరుసలు గుంజి బిగించిన.

మేడం ఉరికొచ్చింది. "అయ్యో అన్నా, ఆ వదులే దాని అందం!" అని తల పట్టుకున్నది.

చిన్నప్పటి సంది బాపు నా బిగువు చూసి శభాష్ అనేటోడు, నీ వదులు చూసి తిట్టేటోడు. ఇప్పుడు నీ వదులు ముంగట పెద్ద పెద్దోళ్లు చేతులు కట్టుకొని నిలబడ్డరు. నా బిగువును ఎవ్వరన్న గట్ల చూసిన్రా? అబద్ధమెందుకు, మస్తు కుళ్లుకున్న.

మళ్ల వదులు చేద్దామని గంటసేపు తిప్పలు పడ్డ. నీ లెక్క రాలే.

ఇంట్ల నువ్వు అల్లిన మంచం గట్లనే జారి ఉన్నది. పండుకుంటే నడుము పట్టేస్తది. బస్తీల అందరి మంచాలు బిగించిన గని, దీన్ని ముట్టుకోలే. ఒక్కసారి బిగిస్తే, మళ్ల గిట్ల చేసుడు నాతోని గాదు.