మగ్గంలో అన్న వైపు

గద్వాల, గురువారం రాత్రి

అన్న చనిపోయినప్పటి నుంచి అమ్మ మగ్గం గుంటలోకి దిగలేదు. సగం నేసిన చీర అట్లాగే ఉంది. అన్నం ముట్టదు, నిద్రపోదు, ఏడవదు. దవాఖాన మాత్రలు తలగడ కింద దాస్తోంది. అందుకే ఈ సాయంత్రం, వారపత్రికలో చదివిన వైద్యం ఒకటి మొదలుపెట్టాను. కనుబొమ్మ దగ్గర, కంటి కింద, మెడ ఎముక మీద వేలికొసలతో తడుతూ బాధను పైకి చెప్పుకోవాలట.

"గిట్ల కొట్టుకుంటే దుఃఖం పోతదా? మరి వాడు పోయిననాడు గుండెలు బాదుకుంటే ఎందుకు పోలే?" అంది అమ్మ.

"జర మెల్లగ కొట్టాలమ్మా. చేసి చూడరాదూ."

నా మాట తీసెయ్యలేక మగ్గం పక్కనే కూర్చుని తట్టుకుంది. మెడ ఎముక దగ్గరికి వచ్చేసరికి వేళ్లు ఆగిపోయాయి. అన్న కూర్చునే వైపు తిరిగి, చెవి ఒగ్గి ఉండిపోయింది. అప్పుడు నాకు అర్థమైంది. చీరకు చెరో అంచు నేస్తూ తల్లీకొడుకులు గుంటలో పక్కపక్కన కూర్చునేవాళ్లు. తన వైపు పని అయినవాళ్లు మగ్గం కర్ర మీద వేళ్లతో తట్టేవాళ్లు. రెండోవాళ్లు బదులు తట్టాకే, పోగును అటూ ఇటూ లాగే నాడె కదిలేది.

"ఇంక కొడ్తలేడేంది బిడ్డా వాడు?"

నేను అన్న చోట కూర్చుని కర్ర మీద తట్టాను. అమ్మ గుంటలోకి దిగి నాడె విసిరింది. తరువాత అన్నం కూడా తిన్నది, "వానికి తీసిపెట్టినవా?" అని అడిగి.

రేపు పొద్దున మళ్లీ తడుతుంది. నేను బదులు తడితే అన్న ఉన్నాడనే అనుకుంటుంది. తట్టకపోతే మళ్లీ అన్నం ముట్టదు.