వన్స్‌మోర్ రాని పాట

చోడవరం,
గురువారం.

మాడుగుల మావయ్యకు నమస్కరించి రాస్తున్నాను. ఫోనులో మాట్లాడితే ఇక్కడ మా అత్తయ్య వింటుందని సిగ్గు.

గౌరమ్మ పండగ నాటకంలో మా ఆయన రాజు వేషం వేశారు. మీరు ఆయనకు హార్మోనియం మీద నేర్పిన పద్యాలు తీసేసి, నాటక సమాజం వాళ్లు ఈసారి మన మాటల్లో రాసిన పాటలు పాడించారు. రాణిని పంపేసే చోట ఎప్పుడూ వన్స్‌మోర్ అని అరిచి మళ్లీ పాడించుకుంటారు కదా. ఈసారి ఒక్కరూ అరవలేదు. ఆడవాళ్లమంతా ఏడుస్తూ ఉండిపోయాం.

ఆయన పరువు పోయిందనుకుంటున్నారు. “ఇంక మొకానికి రంగెయ్యను,” అంటున్నారు.

“ఇంట్లో మాటాడుకున్నట్టు పాడితే నాటకమేటిరా? మీ బాబు పద్యమెత్తితే కోటపాడు దాకా ఇనిపించీది,” అని అత్తయ్య మా మావగారి పాట గుర్తుచేసి పొడుస్తోంది.

నిన్న అన్నం తింటూ నన్నడిగారు. “నువ్వైనా సెప్పు. పాతదా, కొత్తదా? నువ్వేదంటే అదే పాడతాను.”

ఇంకాస్త కూర వడ్డించి వచ్చేశాను.

నాలుగేళ్లుగా ఆయన పద్యం పాడి “అర్థమయిందా?” అంటే తల ఊపుతున్నాను. ఐదో తరగతి చదువుకి అదేం తెలుస్తుంది? అంత పైకెత్తి పాడుతుంటే రాజు రాణిని తిడుతున్నాడనుకున్నాను. గంజి కూడా పెట్టలేక, మనసొప్పకుండానే పుట్టింటికి పంపుతున్నాడని మొన్న కొత్తపాట విన్నాకే తెలిసింది.

కొత్తదంటే ఇన్నాళ్ల నా అబద్ధం బయటపడుతుంది. పాతదంటే మళ్లీ నాకేమీ అర్థం కాదు. కానీ కొత్తపాటలో ఆయన గొంతు అంత పైకి లేవదు, అది లేకపోయినా బాధగానే ఉంది.

ఏది పాడేదీ ఆయన ఆదివారం సమాజానికి జవాబు చెప్పాలట. ఈ సంగతి మీరు ఆయనతో అనకండి. నేనే చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో మాత్రం రాయండి.

మీ మేనకోడలు