మరణ ధ్రువపత్రం ఉన్న జింక తల ఎత్తిన విషయమై

గౌరవనీయులైన వన్యప్రాణి సంరక్షణ అధికారి గారి సముఖమునకు,
రెజైనా, సస్కాచెవాన్.

రెజైనా శివారు వాస్తవ్యుడు గుడిమెట్ల సత్యానందం సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: వేటలో దెబ్బతిన్న మగ జింకను వేడిని చూపే డ్రోనుతో వెతికిన పిమ్మట, సదరు జింక ఇంకనూ బతికియున్నట్లు తెలిసినందున, ఇప్పుడు నేనేమి చేయవలెనో తక్షణమే తెలుపుమని కోరుట గురించి.

జతపరచినది: మరణ ధ్రువపత్రం ఒకటి (జింకది).

నేను పశ్చిమ గోదావరి జిల్లాలో మండల రెవెన్యూ కార్యాలయమునందు సీనియర్ అసిస్టెంటుగా పనిచేసి రిటైరైనవాడను. ఉద్యోగమంతా అర్జీలు పుచ్చుకొనుటయే గాని ఎన్నడూ ఒకటి రాసిన పాపాన పోలేదు. మా అమ్మాయి ఏనీ స్పాన్సర్ చేయగా ఈ దేశం వచ్చి, ఊరికే కూర్చోలేక డ్రోన్ నడపడం నేర్చుకుని, చలికాలంలో ఇళ్ళ పైకప్పుల్లోంచి వేడి ఎక్కడ కారిపోతోందో చూసిపెట్టే పని చేసుకొనుచున్నాను. ఈ అర్జీ తెలుగులో ఉన్నందుకు మన్నించగలరు. భయం వేసినప్పుడు నాకు ఇంగ్లీషు రాదు. ఏనీ దీన్ని ఇంగ్లీషులో పెట్టి తమకు పంపుతుంది.

నా ఇబ్బందులు ఈ దిగువ మనవి చేసుకొనుచున్నాను.

1. మా వీధిలోనే ఉండే డాక్టరు రామ్మోహన్ గారు పేరున్న సర్జన్. రిటైరయ్యాక వేట నేర్చుకున్నారు. లైసెన్సు ఉంది, ఈ సీజనుకు ఒక జింకను కాల్చవచ్చునను ట్యాగ్ ఉంది, భూమి గలవారి అనుమతి ఉంది. నిన్న పొద్దువాలే వేళ ఒక మగ జింకను కాల్చగా, అది పడి, మళ్ళీ లేచి, కెనోలా అనే ఆవపంట కోసిన కొయ్యకాళ్ళ చేలో పడి పారిపోయినది. నెత్తురు చుక్కలు పట్టుకుని కొంత దూరం వెళ్ళారట. ఇంతలో మంచు కురిసి చుక్కలు కప్పబడిపోయినవి.

2. ఈ ఉదయం ఆయన మా ఇంటికి వచ్చి, "సత్యం, నీ డ్రోన్ ఒక్కసారి ఎగరెయ్యవయ్యా. కాల్చిన జంతువుని వెతక్కుండా వదిలెయ్యడం కూడా తప్పే. మాంసం పాడుచేసినట్టవుతుంది," అన్నారు. అది నిజమేనని నేనూ చదివియున్నాను. అయితే వన్యప్రాణులను వెతుకుటకు డ్రోన్ వాడరాదని కూడా చదివియున్నాను. కావున నాకు కలిగిన సందేహమేమనగా, చచ్చిన జింక వన్యప్రాణి కిందికి వస్తుందా, మాంసం కిందికి వస్తుందా? ఈ ఒక్క ముక్క ఎక్కడా రాసి లేదు. ఎంత వెతికినా నాకు కనబడలేదు.

3. మాంసం కిందికి వచ్చేటట్లయితే ఎగరవేయవచ్చునని నాకు నేనే సర్దిచెప్పుకొంటిని. నిజానికి కాదనలేకపోయాను. మా ఆవిడ మార్తాకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ చేసినది ఆయన. ఆ చేతులతో టోపీ పట్టుకుని మా గుమ్మంలో నిలబడితే, "నా వల్ల కాదండీ" అనే మాట నోట్లోంచి ఎలా వస్తుంది? మొహమాటమునకు తమ చట్టములో ఏ సెక్షనూ లేదని ఎరుగుదును.

4. అయినప్పటికీ అలవాటు పోలేదు. రెవెన్యూ బుద్ధి కదా! కాగితం లేకుండా నేను పని చేయనంటిని. "జింక చనిపోయినదని మీరు డాక్టరుగా రాసివ్వండి, అప్పుడు ఎగరేస్తాను," అన్నాను. ఆయన నవ్వారు. పాత ప్రిస్క్రిప్షన్ ప్యాడ్ తెప్పించుకుని, పేరు దగ్గర "మగ తెల్లతోక జింక" అని, కారణం దగ్గర "తుపాకి గుండు" అని, సమయం దగ్గర నిన్నటి సాయంత్రం వేసి సంతకం పెట్టారు. మార్తా కూడా నవ్వింది. నేను నవ్వలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకొని, ఇక నాకు ఢోకా లేదనుకొంటిని.

5. ఆ చేను గట్టున నా ట్రక్కు ఆపి, వేటగాడు డ్రోను తెర చూడరాదను ఉద్దేశముతో డాక్టరు గారిని లోపలే కూర్చోమని చెప్పి, నేను దిగి ఎగరవేసితిని. కూలిపోయిన పాత కొట్టం వెనక పల్లంలో తెల్లటి ఆకారం కనబడినది. నా కెమెరాలో వేడిగా ఉన్నది తెల్లగా కనబడును. ఇప్పుడే చచ్చినదీ తెల్లగానే ఉండును, బతికినదీ తెల్లగానే ఉండును. కొంచెం కిందికి దించితిని.

అప్పుడు అది తల ఎత్తినది.

అయ్యా, అది తల ఎత్తేంతవరకు నేను నిరపరాధిని. వెనక కాళ్ళు కదలడం లేదు. తల మాత్రం ఎత్తి, నెమ్మదిగా తిప్పి, డ్రోను చప్పుడు వచ్చేవైపు చూసింది. ఆ చోటు నేను డాక్టరు గారికి చెప్పినచో, బతికియున్న జంతువును డ్రోనుతో చూపించి వేటాడించిన నేరం నాదగును. నా పని పోవును, ఆయన లైసెన్సు పోవును. చెప్పనిచో, అది అక్కడే మంచులో రోజంతా చచ్చుచుండును.

6. చెప్పలేదు. ట్రక్కు ఎక్కి నోట్లో నీళ్ళు నమిలాను. ఆయన నా మొహం చూశారు. జీవితమంతా ఆపరేషన్ గది బయట నిలబడ్డ వాళ్ళ మొహాలు చూసిన మనిషి ఆయన. "బతికే ఉంది కదూ?" అని అడిగారు. నేను ట్రక్కు స్టార్టు చేశాను. దారి పొడవునా అదే మాట మళ్ళీ అడుగుతూనే ఉన్నారు. ఇల్లు చేరగానే నేను బేస్‌మెంటులోకి వచ్చి తలుపు వేసుకున్నాను. ఈ అర్జీ అక్కడినుంచే రాయుచున్నాను.

7. తమ కార్యాలయమునకు ఫోన్ చేసియుంటిని. ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడినది. అధికారి గారు సిగ్నల్ లేని చోట ఉన్నారని, చట్టం సంగతి తాను అవుననీ కాదనీ చెప్పకూడదని, తాను కబురు పెడతానని, నన్ను కూడా వివరంగా రాసి పంపమని చెప్పినది. అందువలన రాయుచున్నాను. ఏనీకి ఫోన్ చేసి సంగతి చెప్పితే, "డాడ్, నోబడీ రైట్స్ ఎ లెటర్ ఎబౌట్ ఎ డీర్! జస్ట్ టెల్ హిమ్!" అని కోప్పడినది. ఆ పిల్లకు ఏం తెలుసు? కాగితం మీద లేని ప్రాణికి ఆఫీసులో ఎవరు జవాబు చెబుతారు?

8. పైన డాక్టరు గారు మా హాల్లో కూర్చునియున్నారు. పొమ్మని చెప్పుటకు ఆయన అతిథి, పైగా పెద్దవారు. ఇందాక మెట్ల మీదికి వచ్చి తలుపు తట్టారు. "సత్యం, నేను ఎప్పుడూ ఎవర్నీ టేబుల్ మీద సగంలో వదిలి రాలేదయ్యా. దాన్ని అలా ఉంచలేను. ఎక్కడుందో చెప్పు, నీ పేరు నా నోట రాదు," అన్నారు. నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను, అప్పులవాడు వచ్చినట్టు. సొంత ఇంట్లో, అయ్యా!

తరువాత మార్తా దిగి వచ్చింది. "ఏమండీ, ఆయన టీ ముట్టలేదు. ఆ రోజు నేను భయపడితే మత్తు వచ్చేదాకా నా చెయ్యి పట్టుకుని నిలబడ్డారు. ఆయన్ని అక్కడ కూర్చోబెట్టి మీరిక్కడ కాగితాలు రాసుకుంటున్నారా?" అంది. నేనే వెళ్ళి దాని బాధ తీర్చుదునా అంటే నాకు తుపాకి పట్టుకోవడం రాదు. కోడిని కోయాలన్నా మార్తాయే కోసేది, నేను అవతలి గదిలో ఉండేవాడిని.

9. డ్రోను పక్కనే ఉన్నది, బ్యాటరీ నిండినది. మళ్ళీ ఎగరవేస్తే రెండో నేరం. ఎగరవేయకపోతే అది ఉన్నదో పోయినదో తెలియదు. పోయినచో అది మాంసమగును, నేను నిర్దోషినగుదును, డాక్టరు గారి కాగితం నిజమగును. అందుచేత నేను ఇక్కడ హీటరు పక్కన కూర్చుని, ఆ మూగజీవి తొందరగా చావాలని ప్రార్థన చేయుచున్నాను. ప్రతి ఆదివారం ప్రార్థన కూటంలో వాక్యం చదివే మనిషిని. నాకు సిగ్గుగా ఉంది. ఇటువంటి ప్రార్థన చేయించే చట్టం తమ దగ్గర ఉండకూడదు. ఉంటే మార్చండి. మార్చలేకపోతే కనీసం ఇలా చెయ్యి అని ఒక్క మాట చెప్పండి, తల వంచుకుని చేస్తాను.

కావున తమరు దయయుంచి, (అ) చచ్చిన జింక ఏ పద్దు కిందికి వస్తుందో, (ఆ) బతికినదని పొరపాటున తెలిసినవాడు ఏమి చేయవలెనో, (ఇ) అంతదాకా మా హాల్లోని పెద్దమనిషి మొహం నేనెలా చూడవలెనో, తక్షణం ఉత్తరువు దయచేయగలందులకు మిక్కిలి వినయముతో కోరుచున్నాను. కాగితం చేరిన వెంటనే, పొద్దు ఉండగానే, చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు, ప్రస్తుతం బేస్‌మెంటులో ఉన్నవాడు,
గుడిమెట్ల సత్యానందం

తా.క.: అయ్యా, పైన అడిగిన దేనికీ జవాబు అక్కర్లేదు. సంతకం పెట్టి పైకి వెళ్ళేసరికి హాల్లో డాక్టరు గారు లేరు, గుమ్మంలో బూట్లు లేవు, వీధిలో ఆయన కారూ లేదు. నా ట్రక్కు తీసుకుని వెళ్తే, అదే చేలో తుపాకి భుజాన వేసుకుని, నొప్పి మోకాలితో, కొట్టానికి సరిగ్గా ఎదురు దిక్కున నడుస్తున్నారు. వంగి వంగి మంచులో చూసుకుంటూ పోతున్నారు. ఇక ఉండబట్టలేకపోయాను. "అటు కాదండీ, ఇటు!" అని అరిచి చెయ్యి చాపి చూపించాను. డ్రోను వేయలేదు. చూపించింది నా చెయ్యే, రాసుకోండి.

అది ఇంకా ఉంది. మమ్మల్ని చూసి మళ్ళీ తల ఎత్తింది. డాక్టరు గారు, "సారీరా నాన్నా, ఆలస్యమైంది," అన్నారు. ఒక్కటే చప్పుడు. తర్వాత ఆయన మంచులో కూర్చుండిపోయి, నా దగ్గర ఆ కాగితం అడిగారు. సమయం తప్పు రాశాను, దిద్దుతానన్నారు. నేనే పాత సమయం కొట్టేసి సరైన సమయం వేశాను, ఆయన పక్కన సంతకం చేశారు. ఇప్పుడది నిజమైన కాగితం. సాక్షిగా కింద నేను కూడా సంతకం పెట్టాను, నా కళ్ళతో చూశాను గనుక.

జింకను తమ కోసం కదపకుండా అక్కడే ఉంచాం. మేమిద్దరం మా హాల్లోనే ఉన్నాం. మార్తా మళ్ళీ టీ పెట్టింది, ఈసారి ఆయన తాగుతున్నారు. తలుపు గడియ వేయలేదు. తమరు వచ్చి ఎవరిని తీసుకెళ్ళినా సరే, వస్తాం.