పక్కింటి కుర్చీ

బావా,

ఇది అక్క చేత చదివించుకోకుండా నువ్వే చదువు.

భూమి వేడెక్కి సముద్రం మన వీధిని ఎలా మింగిందో చూపించే డాక్యుమెంటరీని ఆదివారం లైబ్రరీ హాల్లో వేసి, చర్చ పెట్టారు. తలో దిక్కుకి పోయిన మనవాళ్లంతా వచ్చారు. ఎవరూ చెప్పకుండానే పాత ఇళ్ల వరసలో కూర్చున్నారు. టైలరు పక్కన టీచరమ్మ, ఆవిడ పక్కన నేను. నా పక్కది మీ ఇల్లు. ఆ కుర్చీలో తువ్వాలు పరిచి, అడిగినవాళ్లందరికీ "మనిషి బాత్రూంకి వెళ్లాడు" అన్నాను. రెండు గంటలయ్యాక టీచరమ్మ "ఆయనకి ఏదైనా మందిప్పించండి" అంది.

సినిమాలో నేనూ ఉన్నాను. అందరికంటే ముందు ఇల్లు ఖాళీ చేశావని, "మా బావ బకెట్లో నీళ్లు చూసినా పరిగెడతాడు" అంటున్నాను. హాలంతా నవ్వింది. చర్చలో మైకు లాక్కుని, "ఆయన తలుపులు కూడా ఊడదీసుకుని వెళ్లాడు. నా తలుపులు సముద్రం పట్టుకుపోయింది. సముద్రం వస్తుందన్న ఆయన మాటే నిజం" అన్నాను. అప్పుడెవరూ నవ్వలేదు.

వచ్చే ఆదివారం మళ్లీ వేస్తారు. కోపం ఉంటే ఉండనీ, రా.

ఇప్పుడున్న గదిలో గోడ అవతల ఎవరు దగ్గినా నువ్వే అనుకుని అలవాటుగా తిడుతున్నాను. ఆ పక్కగది ఆయన పాపం మర్యాదస్తుడు, తిరిగి ఒక్క మాటా అనడు.

నీ బావమరిది