మడిచి కుట్టలేని బెల్టు

ఆదివారం, తాండూరు

మా పాప చిన్నికి నాలుగేళ్లు నిండాయి. కారులో బిగించే పాత పిల్లల సీటులో భుజాలు పట్టడం లేదని ఇవాళ వికారాబాద్‌లో కొత్తది చూశాం.

"జర పెద్దదే తీస్కో బిడ్డా, మస్తు రోజులొస్తది," అంది అమ్మ. మనవరాలికి గౌన్లు కూడా అలాగే వదులుగా కుడుతుంది. నేనూ తలూపాను.

ఆ పెద్ద సీటులో పిల్లను కూర్చోబెట్టగానే బెల్టు మెడ మీదికొచ్చింది. అమ్మే చప్పున దాన్ని పక్కకు లాగింది.

"వద్దు. గౌనైతే మడిచి కుడ్త. దీన్నెట్ల మడుస్త?"

సరిపోయేదే కొన్నాం.

తిరిగొస్తుంటే మేకలు అడ్డొచ్చి గట్టిగా బ్రేకు వేశాను. ఆ పెద్ద సీటే కొనుంటే... వెనక్కి చూశాను. చిన్ని నిద్ర కూడా చెదరలేదు.

పక్కసీట్లో అమ్మ, మొదటిసారి, తన బెల్టు లాగి పెట్టుకుంది.